ఓడకీ ఒడ్డుకీ నడుమ అరమైలు

తూరుపు తీరం తోవలు – ఏడో భాగం

2020 అక్టోబరు 13 తెల్లవారేసరికి విశాఖపట్నం తెన్నేటి పార్కు కింద రాళ్ళ మీద ఒక ఓడ వచ్చి కూర్చుంది. పేరు ‘మా’. బంగ్లాదేశ్ సరుకు నౌక. కాకినాడ దగ్గర తీరం దాటుతున్న తీవ్ర వాయుగుండం ధాటికి లంగరు నిలవక, గాలి ఎటు తోస్తే అటు కొట్టుకొచ్చి అక్కడ ఆగింది. సిబ్బంది క్షేమంగా బయటపడ్డారు. ఆ రోజు మొదలు కొన్ని నెలలపాటు ఆర్కే బీచి నుంచి రుషికొండకు వెళ్ళే జనమంతా అక్కడ బండి ఆపి, పిల్లల్ని భుజాలకెత్తుకుని దాన్ని చూపించారు.

విశాఖలో పుట్టి పెరిగినవాళ్ళకు ఓడ కొత్తేమీ కాదు. రోజూ కనిపిస్తుంది. కానీ ఎప్పుడూ దూరంగా, నీటికీ ఆకాశానికీ మధ్య గీసిన గీతలా కనిపిస్తుంది. చెయ్యి చాస్తే తగిలేంత దగ్గరకు రావడం ఈ తీరంలో ప్రమాదం జరిగినప్పుడే. ఆ సంగతి ‘మా’ వచ్చినరోజు నగరానికి మళ్ళీ తెలిసింది.

సముద్ర వాణిజ్య మార్గాల చరిత్రను పటం మీద గీతలుగా చెప్పడం తేలిక. అలెగ్జాండ్రియా నుంచి ఒక గీత, మలక్కా నుంచి ఇంకొకటి, బటావియా నుంచి, లండన్ నుంచి, యొకొహామా నుంచి మరికొన్ని. రుషికొండ తీరానికి సంబంధించినంతవరకు అసలు కథంతా ఆ గీతల చివర మిగిలిపోయిన చిన్న ముక్కలో ఉంది. వేల మైళ్ళు దాటి వచ్చిన ఓడ లంగరు దించిన చోటి నుంచి ఇసుక దాకా ఉన్న ఆ అరమైలు, మైలు దూరం. రెండు వేల ఏళ్ళు ఈ తీరపు రేవులు బతికినా చితికినా ఆ కాస్త దూరాన్ని ఎవరు ఎలా దాటించారన్న దాని మీదే చాలావరకు ఆధారపడ్డాయి.

రుషికొండ మీద నిలబడి చూస్తే కారణం కళ్ళముందే ఉంటుంది. కొండలు సముద్రం దాకా వచ్చి ఆగాయి. వాటి మధ్య అర్ధచంద్రాకారంలో ఇసుక తిన్నెలు. చూడడానికి అందమైన తీరం. 2020లో ఈ బీచికి బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది కూడా. ఓడ నడిపేవాడి కంటికి మాత్రం ఇది వేరేలా ఉంటుంది. చుట్టూ భూమి ఆవరించి గాలివాన నుంచి కాపాడే అఖాతం లేదు. ఏరు వచ్చి కలిసే చోట ఇసుక మేట వేస్తుంది. తీరం పొడవునా బంగాళాఖాతపు కెరటం అడ్డూ ఆపూ లేకుండా వచ్చి విరుగుతుంది. బరువైన ఓడకి ఇక్కడ తలదాచుకునే చోటు లేదు. దూరంగా ఆగాలి, పని చూసుకోవాలి, గాలి మారేలోగా వెళ్ళిపోవాలి.

అయినా ఓడలు వచ్చాయి. ఎంత పూర్వం నుంచి వచ్చాయో చెప్పడానికి రుషికొండ నుంచి భీమిలి వైపు కాస్త ముందుకెళ్తే సాక్ష్యం దొరుకుతుంది.

మంగమారిపేట పక్కన కొండ మీద చదునైన జాగాలో రాతిలో తొలిచిన నీటి తొట్లున్నాయి. తొట్లకొండ అన్న పేరు వాటి వల్లే వచ్చింది. 1970లలో నౌకాదళం కోసం విమానం నుంచి సర్వే చేసినప్పుడు ఈ శిథిలాలు బయటపడ్డాయి. 1988 నుంచి 1993 దాకా రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. స్తూపాలు, చైత్యాలు, భిక్షువుల గదులు, భోజనశాల తేలాయి. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్ది నుంచి కొన్ని వందల ఏళ్ళు ఇక్కడ బౌద్ధ విహారం నడిచింది. మట్టిలో దొరికిన నాణేల్లో తొమ్మిది శాతవాహనుల సీసపు నాణేలు. ఐదు రోమన్ వెండి నాణేలు.

ఆ ఐదు నాణేల దగ్గర కాసేపు ఆగాలి. సర్వం వదిలేసిన భిక్షువుల కొండ మీదికి రోము వెండి నడిచి రాదు. కింద తీరంలో వర్తకం చేసుకునేవాడు పైకెక్కి సమర్పించి ఉండాలి, లేదా అతని చేతి నుంచి మారి వచ్చి ఉండాలి. తొట్లకొండ ఒక్కటే కాదు. దగ్గర్లోనే బావికొండ, భీమిలి దగ్గర పావురాలకొండ, ఉత్తరాన వంశధార ఒడ్డున శాలిహుండం, అన్నీ సముద్రం మీద చూపు ఆనే ఎత్తుల్లోనో, ఏటి ముఖద్వారానికి దగ్గరలోనో ఉన్నాయి. వానాకాలం మూడు నెలలు భిక్షువులు కదలకుండా ఒకచోట ఉండాలి. ఓడకి కూడా గాలి తిరిగేదాకా ఆగక తప్పదు. ఇద్దరూ రుతుపవనం లెక్కతో బతికినవాళ్ళే. వర్తకుడి దానం లేకుండా అంత కొండ మీద అన్ని కట్టడాలు నిలిచేవి కావు.

క్రీస్తుశకం ఒకటో శతాబ్దిలో గ్రీకు భాషలో రాసిన ‘పెరిప్లస్’ అనే నావికుల పుస్తకం తెలుగు తీరాన్ని మసాలియా అని పిలిచి, అక్కడ సన్నని నూలు బట్ట విస్తారంగా నేస్తారని చెప్పింది. రెండో శతాబ్దిలో టాలమీ ఇంకాస్త వివరంగా రాశాడు. అతను కంటకొస్సిల అన్న రేవు కృష్ణా జిల్లాలోని ఘంటసాల అని పండితుల మాట. అదే ఘంటసాలలో దొరికిన ప్రాకృత శాసనంలో శివకుడు అనే మహానావికుడి పేరుంది. ఎక్కడో ఈజిప్టులో కూర్చుని రాసిన పుస్తకమూ, మన రాతి మీద చెక్కిన మాటా ఒకే ఊళ్ళో కలుసుకోవడం చరిత్ర చదివేవాళ్ళకు అరుదుగా దొరికే ఆనందం.

టాలమీ చెప్పిన ఇంకో సంగతి ఈ ఉత్తర తీరానికి సంబంధించింది. సువర్ణభూమికి, అంటే బర్మా, మలయా దిక్కుకి పోయే ఓడలు అప్పటిదాకా తీరాన్ని అంటిపెట్టుకుని వచ్చి, ఒకానొక చోట ఒడ్డును వదిలి నడిసంద్రంలోకి తిరుగుతాయట. ఆ చోటును శ్రీకాకుళం, గంజాం తీరాల్లో వెతికారు పరిశోధకులు. అది ఏ ఊరైనా కావచ్చు, ఆ తోవ మాత్రం రుషికొండ ముందు నుంచే పోయింది. ఎడమ చేతికి కొండల వరసను గుర్తుగా పెట్టుకుని ఉత్తరానికి వెళ్ళే సరంగుకి ఈ ఎత్తులే దారిచూపే గుర్తులు. తర్వాతి కాలపు ఆంగ్ల నావికులు డాల్ఫిన్ నోస్ అని పిలిచిన విశాఖ రేవు దగ్గరి కొండ ముక్కు కూడా అలాంటి గుర్తే.

మధ్యయుగాల్లో తెలుగు తీరానికి పెద్ద పేరు తెచ్చింది దక్షిణాన మోటుపల్లి. గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం గురించి గత భాగంలో చదువుకున్నాం. తుపానుకు ఒడ్డున పడిన ఓడల సరుకును పాత రాజులు స్వాధీనం చేసుకునేవారని, తాను ముప్పయ్యో వంతు సుంకం మాత్రమే తీసుకుంటానని ఆయన వర్తకులకు మాట ఇచ్చాడు. విశాఖ అప్పటికే ఊరుగా, రేవుగా శాసనాలకెక్కింది. 11వ శతాబ్ది చివర చోళ చక్రవర్తి కులోత్తుంగుడి పేరు మీద దీన్ని కులోత్తుంగచోళపట్టణం అని కూడా పిలిచారు. సముద్రాల మీద బృందాలుగా తిరిగే వర్తక సంఘాల పేర్లు ఇక్కడి శాసనాల్లో కనిపిస్తాయి. రాజులు పేర్లు మార్చినా ఊరు పాత పేరుతోనే మిగిలింది.

ఇంతమంది వర్తకులు వచ్చారు, ఇన్ని ఓడలు ఆగాయి. సరుకు ఒడ్డుకి ఎలా చేరింది?

ఐరోపావాళ్ళు మసూలా పడవ అని రాసుకున్న పడవ ఒకటి ఈ తీరంలో ఉండేది. దూరం నుంచి చూస్తే మోటుగా, లోతైన తొట్టిలా ఉంటుంది. దగ్గరకెళితే దాని తెలివి తెలుస్తుంది. ఎక్కడా ఒక్క ఇనుప మేకు ఉండదు. పలకల అంచుల్లో బెజ్జాలు పొడిచి, కొబ్బరి పీచు తాడుతో ఒకదానికొకటి కుడతారు. అతుకు మీద ఎండుగడ్డి పేర్చి, కుట్టు దాని మీదుగా బిగిస్తారు. నీళ్ళు తగిలి గడ్డి ఉబ్బితే సందు మూసుకుంటుంది. లోపల పక్కటెముకల్లాంటి చట్రం కూడా ఉండదు. అందుకే పడవ కెరటం దెబ్బకు పగలదు, వంగుతుంది. ఇసుక మీద దబ్బున పడినా పలక లోపలికి సాగి మళ్ళీ యథాస్థానానికి వస్తుంది. ఇంగ్లండులో కట్టిన గట్టి ఓడపడవలు అదే దెబ్బకి విచ్చిపోయేవి.

ఆ పడవని నడపడం ఇంకో విద్య. పది పన్నెండుమంది తెడ్లు వేస్తారు. వెనక నిలబడ్డ తండేలు పొడవాటి తెడ్డుతో దిక్కు పడతాడు. కెరటాలు విరిగే చోటికి వచ్చాక అతను ఆగమంటాడు. ఒక కెరటాన్ని పోనిస్తాడు, రెండోదాన్ని పోనిస్తాడు, సరైనదాన్ని చూసి కేకేస్తాడు. అంతే, అందరూ ఒక్క ఊపున తెడ్లు వేసి దాని వీపు మీద ఒడ్డుకి దూసుకొస్తారు. ఒక్క క్షణం ముందైనా వెనకైనా పడవ అడ్డం తిరిగి బోల్తా పడుతుంది. తీరంలో ఈ పని చేసింది జాలరులు, వాడబలిజలు. కంపెనీ గవర్నర్లు, దొరసానులు, బట్టల మూటలు, బంగారు నాణేల పెట్టెలు, అన్నీ చివరి అరమైలు వీళ్ళ చేతుల మీదుగానే వచ్చాయి. వాళ్ళ పేర్లు కంపెనీ లెక్కల పుస్తకాల్లో లేవు. గీతల చరిత్రలో ఇది పెద్ద ఖాళీ.

17వ శతాబ్దిలో డచ్చివాళ్ళు భీమునిపట్నంలో, ఇంగ్లీషువాళ్ళు విశాఖలో కోఠీలు పెట్టుకున్నారు. గోస్తని నది సముద్రంలో కలిసే చోట భీమిలి. ఆ రోజుల్లో తూర్పిండియా దీవుల్లో మిరియం, లవంగం, జాజికాయ కొనాలంటే వెండి కంటే బాగా చెల్లే సరుకు మన నూలుబట్ట. అందుకే డచ్చి కంపెనీకి కోరమాండల్ తీరం కుడిభుజమైంది. ఇక్కడి బట్ట జావాలోని బటావియా వెళ్ళేది, అక్కడి సుగంధ ద్రవ్యం ఆంస్టర్‌డాం వెళ్ళేది. భీమిలిలో డచ్చి సమాధులు ఇవాళ్టికీ ఉన్నాయి. ఉప్పుగాలికి అక్షరాలు అరిగిపోయిన ఆ రాళ్ళ కింద ఉన్నవాళ్ళలో చాలామంది కుర్రవాళ్ళు. 1824 ఒప్పందంతో డచ్చివాళ్ళు ఇక్కడి స్థావరాలను ఇంగ్లీషువాళ్ళకి అప్పగించి, మరుసటి ఏడు వెళ్ళిపోయారు.

విశాఖ నుంచి ఇంగ్లీషువాళ్ళు కొన్నదీ ప్రధానంగా బట్టే. ‘పంజం’ అన్న పేరుతో అది లండన్ వేలాల దాకా వెళ్ళింది. పుంజం అన్నది మన సాలెల మాట. పడుగులో పోగుల లెక్క. ఎన్ని పుంజాల బట్ట అన్నదాన్ని బట్టి దాని నాణ్యం, ధర. ఊరి మగ్గం మీది లెక్క ఆంగ్ల వర్తకుల చిట్టాలో సరుకు పేరుగా మారిపోయింది. ఇంకో సరుకు ఏనుగు దంతం పనితనం. 18వ శతాబ్దిలో విశాఖ కంసాలులు రోజ్‌వుడ్, నల్లచేవ మీద దంతం పొదిగి పెట్టెలు, కుర్చీలు, రాతబల్లలు చేశారు. దంతం బర్మాలోని పెగూ నుంచి ఓడల్లో వచ్చేది, నమూనా ఇంగ్లండు నుంచి వచ్చేది, పొదుగుడు పని ఇక్కడిది. ఇవాళ లండన్ మ్యూజియాల్లో విజగపటం పనితనం అన్న చీటీతో అవి కనిపిస్తాయి.

1804 సెప్టెంబరు 15న విశాఖ జనం ఒడ్డు మీద నిలబడి ఒక నౌకాయుద్ధం చూశారు. నెపోలియన్ కాలం అది. 50 ఫిరంగుల ఆంగ్ల యుద్ధనౌక సెంచూరియన్, ప్రిన్సెస్ షార్లెట్, బార్నబీ అనే రెండు సరుకు ఓడలకు కాపలాగా వచ్చి రేవు ముందు లంగరేసింది. సెంచూరియన్ కెప్టెన్ జేమ్స్ లిండ్ ఒడ్డున పని మీద ఉన్నాడు. ఆ పొద్దున నైరుతి దిక్కున మూడు ఓడలు కనిపించాయి. దగ్గరకొచ్చాక తెలిసింది, అవి ఫ్రెంచి అడ్మిరల్ లినోవా దళం. మారెంగో, అతలాంత్, సెమిలాంత్.

బార్నబీ భయపడి లంగరు తాడు కోసుకుని ఒడ్డు వైపు పారిపోయింది. ఫ్రెంచి ఫిరంగి దాన్ని ముట్టుకోలేదు, విశాఖ కెరటం ముక్కలు చేసింది. ప్రిన్సెస్ షార్లెట్ లొంగిపోయింది. సెంచూరియన్ మాత్రం గుండ్లు తింటూనే తీరానికి వీలైనంత దగ్గరగా, తక్కువ లోతులోకి జరిగింది. అంతకంటే లోపలికొస్తే తన పెద్ద ఓడ ఇసుకకి తగులుకుంటుందని లినోవాకి గుబులు. కెప్టెన్ లిండ్ ఒడ్డు నుంచి పడవ మీద గుండ్ల మధ్యనే తన ఓడ చేరుకున్నాడు. చివరికి లినోవా పట్టుకున్న ఒక్క ఓడతో తిరిగిపోయాడు. ఈ యుద్ధాన్ని ఆంగ్ల పుస్తకాలు సెంచూరియన్ ధైర్యంగా రాస్తాయి. ధైర్యం నిజమే. కానీ ఒక ఓడను కాపాడిందీ, ఇంకో ఓడను మింగిందీ అదే అరమైలు.

1869లో సూయెజ్ కాలువ తెరిచారు. ఆఫ్రికా చుట్టూ తిరిగే పని తప్పింది. పొగ ఓడలు గాలి కోసం ఎదురుచూడవు. నెలల దూరం వారాలకు తగ్గేసరికి అంతకు ముందు ఓడెక్కించడానికి గిట్టుబాటు కాని చవక సరుకు కూడా లండన్ దారి పట్టింది. ఆ తరం భీమిలి దశ తిరిగిన తరం. సన్నబట్ట పోయింది. మాంచెస్టర్ మిల్లుల బట్ట ఎదురొచ్చి మన మగ్గాలను పడగొట్టింది. దాని జాగాలో నువ్వులు, వలిసెలు, నీలిమందు, తోళ్ళు, కరక్కాయ, గోగునార ఎక్కాయి.

గోగు మన ఇంట్లో పచ్చడి మొక్కకు చుట్టం. దాని కాండం నీళ్ళలో నానబెట్టి తీసిన నారకి ప్రపంచ మార్కెట్లో పడిన పేరు ‘బిమ్లీపటం జూట్’. బెంగాల్ జనపనార తర్వాత బస్తాలకి అదే. కరక్కాయ సంగతి ఇంకా చిత్రం. ఏజెన్సీ కొండల్లో గిరిజనులు ఏరి సంతకు తెచ్చిన కరక్కాయ తోళ్ళు ఊనడానికి ఇంగ్లండు కార్ఖానాలకు వెళ్ళేది. అక్కడి వర్తకులు ఊరి పేరుతో రకాలు విడదీసుకున్నారు. జబల్‌పూర్‌వి జె, భీమిలివి బి. తోలు పని పుస్తకాల్లో ‘బిమ్లీస్’ అన్న మాట తర్వాత చాలాకాలం నిలిచింది. మన్యంలో కాయ ఏరిన మనిషికి భీమిలి తెలియకపోవచ్చు, లండన్‌లో తోలు ఊనినవాడికి మన్యం తెలియకపోవచ్చు. ఇద్దరికీ నడుమ ఒక పడవ.

1890ల తొలినాళ్ళలో ఇంకో సరుకు వచ్చింది. బరువైంది, నల్లటిది. దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది అప్పటి విశాఖపట్నం జిల్లాలోనే. కోడూరు, గర్భాం గనుల నుంచి వచ్చిన ఖనిజం ఐరోపా, అమెరికా ఉక్కు కొలిమిలకు కావాలి. పడవ పని ఎంత కష్టమో ఇక్కడ లెక్క వేసి చూడొచ్చు. ఓడకి మూడు వేల టన్నులు, పడవకి రెండు టన్నులు అనుకుంటే కూడా పదిహేను వందల సార్లు ఒడ్డు నుంచి ఓడకి తెడ్లు వెయ్యాలి. అన్నిసార్లూ కెరటం దాటాలి. బట్టల మూటలకీ, కరక్కాయ బస్తాలకీ సరిపోయిన ఏర్పాటు రాతికి సరిపోలేదు.

అదే దశాబ్దంలో మద్రాసు, కలకత్తాల మధ్య తూర్పు తీర రైలు మార్గం వేశారు. అది భీమిలిని తాకలేదు. విజయనగరం మీదుగా లోపలి నుంచి వెళ్ళి వాల్తేరు చేరింది. ఓడలకి పేరుమోసిన ఊరు, దేశంలో పాత మునిసిపాలిటీల్లో ఒకటి, ఒక్క స్టేషను లేక వెనకబడింది. సరుకు రైలు ఆగిన చోటికి పోయింది. భీమిలి దీపస్తంభం మిగిలింది, రేవు మెల్లగా నిద్రపోయింది. ఒక రేవు చావుకి తుపానో యుద్ధమో అక్కర్లేదు, ఒక రైలు పట్టా పక్క నుంచి పోతే చాలునని భీమిలిని చూసినప్పుడు అర్థమవుతుంది.

ఈ తీరం నుంచి సరుకు ఒక్కటే పోలేదు. మనుషులు వెళ్ళారు. ఉత్తరాంధ్రలో పెద్దవాళ్ళు రంగూన్‌ని రంగం అంటారు. “మా తాత రంగం వెళ్ళాడు” అన్న మాట వినని పల్లె శ్రీకాకుళం నుంచి గోదావరి దాకా తక్కువ. కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్నం రేవుల్లో ఆగే బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడలు ఎక్కి, డెక్కు మీద చాప పరుచుకుని వెళ్ళారు. ఇరావతి డెల్టాలో వరి మిల్లులు, రంగూన్ రేవులో బరువులు, ఊళ్ళో రిక్షాలు. కోరంగి రేవు పేరు మీద అక్కడివాళ్ళు తెలుగువాళ్ళందరినీ ‘కొరంగీ’లన్నారు. గోదావరి పాయ మీది ఒక చిన్న రేవు పేరు సముద్రం అవతల జాతి పేరైంది, తిట్టు కూడా అయింది. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే వాళ్ళ బదులు బర్మా కూలీలను పెట్టారు. సమ్మె తేలాక బర్మా వాళ్ళని వద్దన్నారు. గొడవ రేవు దాటి వీధుల్లోకి పాకి పెద్ద అల్లర్లయ్యాయి. చాలామంది తెలుగువాళ్ళు చచ్చిపోయారు. 1942లో జపాన్ సైన్యం రంగూన్ పట్టుకున్నాక ఓడ తోవ మూతపడి, లక్షలాది భారతీయులు అడవుల్లోంచి, కొండల్లోంచి కాలినడకన తిరిగి బయలుదేరారు. దారిలో రాలిపోయినవాళ్ళకి లెక్క లేదు. విశాఖ కంచరపాలెం వైపు బర్మా క్యాంపు అనే పేట ఉంది. బస్సు కండక్టరు ఆ స్టాపు పేరు పిలిచిన ప్రతిసారీ ఒక తోవ గుర్తొస్తుంది.

ఇక విశాఖ అరమైలుకి వద్దాం. యారాడ కొండ ముక్కు ఉత్తరపు పక్కన మేఘాద్రిగెడ్డ వచ్చి ఉప్పుటేరుగా మారి సముద్రంలో కలిసేది. చుట్టూ బురద, మడ, చిత్తడి. దానికి తలుపు లేదు, ఇసుక గడప ఉంది. ఆ గడప తవ్వితే లోపల ఓడలకి ఇల్లు కట్టొచ్చునని ఇంజనీర్లు చాలాకాలం నుంచి చెబుతున్నారు. బ్రిటిష్ నౌకాదళానికి చెందిన కల్నల్ కార్ట్‌రైట్ రీడ్ ఇచ్చిన ప్రతిపాదనకి మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతే ఆమోదం దొరికింది. మధ్య పరగణాల మాంగనీసుకి తూర్పు తీరంలో తలుపు కావాలి. అందుకే బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పూనుకుంది. డబ్ల్యు.సి. ఆష్ ఇంజనీరుగా పని సాగింది. తవ్వోడలు బురదను తోడి పక్కనున్న చిత్తడిని పూడ్చాయి.

తవ్వడం కంటే తవ్విన కాలవని నిలబెట్టడం కష్టం. నైరుతి కాలంలో కెరటాలు ఏటవాలుగా తీరాన్ని కొట్టి ఇసుకని దక్షిణం నుంచి ఉత్తరానికి నెట్టుకుంటూ పోతాయి. దారిలో గొయ్యి కనిపిస్తే అందులో పోస్తాయి. ఈ రాత్రి తవ్వింది రేపటికి పూడుతుంది. దానికి వాళ్ళు వేసిన ఉపాయం చూడండి. జానస్, వెల్లెడన్ అనే రెండు పాత ఓడల్ని తెచ్చి, కాలవ నోటికి దక్షిణాన ముంచేశారు. ఆ మునిగిన ఓడల చాటున ఇసుక ఆగింది. అక్కడ ఆగిన ఇసుకని తవ్వోడ తోడిపోస్తుంది. రెండు వేల ఏళ్ళుగా ఓడల్ని బయటే ఆపిన ఇసుకని ఆపడానికి చివరికి రెండు ఓడలే పనికొచ్చాయి.

1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ నౌక జలదుర్గ కొండ ముక్కు కింద నుంచి లోపలికొచ్చింది. డిసెంబరు 19న వైస్రాయ్ విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభించాడు. ఖర్చు 378 లక్షల రూపాయలు. మొదట మూడే బెర్తులు. ఓడ జట్టీకి ఆనుకుని నిలబడింది, మనిషి పలక మీద నడిచి దిగాడు. ఆ రోజుతో కుట్టిన పడవకి పని తగ్గడం మొదలైంది. తెడ్డు వేసినవాళ్ళ పిల్లల్లో కొందరు రేవులో కళాసీలయ్యారు, ఎక్కువమంది వేటకి మళ్ళారు.

తొమ్మిదేళ్ళకే ఆ రేవు మీద బాంబులు పడ్డాయి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖనీ కాకినాడనీ కొట్టాయి. అదే వారంలో జపాన్ నౌకాదళం బంగాళాఖాతంలో ఇరవైకి పైగా సరుకు ఓడల్ని ముంచింది. ఊరు సగం ఖాళీ అయింది. చిత్రంగా ఇరవై ఏళ్ళు తిరక్కుండానే అదే జపాన్ అదే రేవుకి కొనుగోలుదారుగా వచ్చింది. 1960 ఒప్పందం ప్రకారం బస్తర్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజం ఏటా 40 లక్షల టన్నులు జపాన్ ఉక్కు మిల్లులకు పంపాలి. దానికోసం కొత్తవలస నుంచి కిరండూల్ దాకా అనంతగిరి కొండల్ని తొలిచి రైలు మార్గం వేశారు. ఇవాళ అరకు చూడ్డానికి కిటికీ పక్కన కూర్చునే పిల్లలు సొరంగాలు లెక్కపెట్టేది ఆ మార్గంలోనే. ఖనిజపు ఓడలు పెద్దవవుతున్నకొద్దీ లోపలి రేవు ఇరుకైంది. 1976లో సముద్రంలోకి గోడలు కట్టి లక్ష టన్నుల నౌకలు పట్టే బయటి రేవు తెరిచారు.

మధ్యలో జరిగిన ఒక్క సంగతి చెప్పకుండా దాటలేం. 1941లో వాల్‌చంద్ హీరాచంద్ సింధియా కంపెనీ తరఫున ఇక్కడ ఓడల కార్ఖానా పెట్టాడు. బాబు రాజేంద్రప్రసాద్ పునాది రాయి వేశారు. 1948 మార్చి 14న జలఉషని నెహ్రూ నీళ్ళలోకి దించారు. స్వతంత్ర భారతంలో కట్టిన మొదటి పెద్ద పొగ ఓడ అది. ఒకప్పుడు నరసాపురంలో, కోరంగిలో ఓడలు కట్టిన తెలుగు తీరం, మధ్యలో ఆ విద్య మరిచిపోయి, మళ్ళీ ఇక్కడ మొదలుపెట్టింది.

ఇప్పుడు తోవలు ఎదురు తిరిగాయి. ఉక్కు నగరం కొలిమికి కావాల్సిన కోకింగ్ బొగ్గు ఆస్ట్రేలియా నుంచి వస్తుంది, రిఫైనరీకి ముడిచమురు పశ్చిమాసియా నుంచి వస్తుంది. పెట్టెల సరుకులో చాలా భాగం చిన్న ఓడల్లో కొలంబోకో సింగపూరుకో పోయి అక్కడ పెద్ద ఓడలెక్కుతుంది. 2009లో దక్షిణాన గంగవరం రేవు వచ్చింది. అంత లోతు విశాఖలో లేదు. దానికి గంగవరం, దిబ్బపాలెం జాలరులు ఊరూ ఒడ్డూ వదులుకోవాల్సి వచ్చింది. ఒకప్పుడు సరుకుని ఒడ్డుకి చేర్చిన కులాల వాళ్ళే ఆ సరుకు కోసం ఒడ్డు ఖాళీ చేశారు. రేవు లెక్కల్లో టన్నులు ఉంటాయి. ఈ లెక్క కూడా ఉండాలి.

విశాఖ రేవు లోపలికి వెళ్ళే కాలవ దగ్గర ఉత్తరపు ఒడ్డున మూడు చిన్న కొండలు పక్కపక్కన ఉంటాయి. ఒకదాని మీద వెంకటేశ్వరుడి గుడి, ఒకదాని మీద రాస్ హిల్ చర్చి, ఒకదాని మీద ఇషాక్ మదీనా దర్గా. బంగాళాఖాతం గాలీ కెరటమూ ఆ దర్గా మాట వింటాయని ఓడలవాళ్ళ నమ్మకం. రేవు ముందు నుంచి పోయే ఓడలు జెండా మూడుసార్లు ఎత్తి దించేవని, యాత్ర బాగా సాగితే హిందూ ఓడ యజమానులు వెండి ఓడ బొమ్మలు తెచ్చి సమర్పించేవారని పాత జిల్లా గెజెటీర్లలో ఉంది.

రాత్రి రుషికొండ తిన్నె మీద కూర్చుంటే దక్షిణం వైపు నీళ్ళ మీద దీపాల వరస కనిపిస్తుంది. బెర్తు కోసం ఆగిన ఓడలు. వాటి కెప్టెన్లు పనామా దాటి ఉంటారు, మలక్కా దాటి ఉంటారు. ఈ కాలవలోకి మాత్రం తమంతట తాము రాకూడదు. వంతు వచ్చినప్పుడు రేవు నుంచి చిన్న పడవ ఒకటి బయలుదేరుతుంది. ఓడ పక్కన తాడు నిచ్చెన వేలాడుతుంటుంది. పడవ కెరటం మీద పైకి లేస్తుంది, దిగుతుంది. రేవు పైలట్ ఒక కెరటాన్ని పోనిస్తాడు, రెండోదాన్ని పోనిస్తాడు, పడవ పైకి లేచిన క్షణం చూసి నిచ్చెన పట్టుకుంటాడు.